పది పోగుల సందు

“ఆపు! ఆ స్క్రూ దిగిందంటే మంచిగుండది,” అన్నాను.

“అమ్మా, శ్రీను పని ఆయనను చేసుకోనియ్యి. నువ్వేమన్న వడ్రంగి పని నేర్చినవా?” అంది నా బిడ్డ లావణ్య. “ఎల్లుండి ఆయన ఇంకో పనికి జగిత్యాల పోతడట. గప్పుడు నువ్వే కొట్టుకో.”

కోరుట్లలో వాళ్ళింట్లో మనుమరాలి పుస్తకాలకు అల్మారి చేయిస్తున్నాం. సిరిసిల్లలో కరెంటు సాంచాలు వచ్చాక విప్పి అటకెక్కించిన మా చేతిమగ్గం టేకును దాని తలుపులకు కోయించాను. ఆ కట్టె అల్మారిలో ఇంకెక్కడా లేదు. వడ్రంగి శ్రీను మిషన్ ఆనించగానే టేకు పొడి వాసన లేచింది. ఆ మగ్గం చేసిన మల్లయ్య మామ నా ముందు కూర్చున్నట్టే అయింది.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయనతో నూలు పెట్టుకునే పెట్టె చేయించాను. గాడి తీసి పలక దించాలంటే నాలుగు రోజులన్నాడు. “నాలుగు రోజులు ఎవలు కూసోబెడ్తరు? మొలలు కొట్టు, ఒక్కరోజుల ఒడుస్తది,” అన్నాను. కొట్టాడు. ఎండాకాలం పలక మొలల వెంబడి నిలువునా చీలింది. ఆ సందున ఎలుక దూరి, సావుకారి నూలు కొరికేసింది. మల్లయ్య మామ గడప ఎక్కగానే కసిరాను. మామ తలవంచి, “తప్పు నాదే బిడ్డా. నీకు తెల్వదు, నాకు తెలుసు. తెలిసి కొట్టిన,” అన్నాడు.

మళ్ళీ చేశాడు. చుట్టూ చట్రం, చట్రానికి గాడి, గాడిలో పలక. బంక లేదు, మొల లేదు. పది పోగులు పేని, ఆ దారం పట్టేంత సందు వదిలాడు. ఊపి చూసి, “గిది ఊగుతది!” అన్నాను.

“ఊగాలె. ఎండకు సన్నబడ్తది, వానకు ఉబ్బుతది. కట్టేస్తే పగుల్తది.”

ఇదంతా శ్రీనుకు చెప్పాను. అతను ఓపికగానే విన్నాడు. “పెద్దమ్మా, అల్మారి డబ్బా ప్లైవుడ్. దానికి స్క్రూనే కరెక్టు. గాడి తీస్తే పొరలు లేస్తయి.” చెయ్యి పెట్టి చూశాను. నిజమే. చూడకుండానే అరిచాను.

“సరే, డబ్బాకు కొట్టు. మరి తలుపు టేకే గదా? పగుల్తదని నీకు తెల్వదా?”

అతను లావణ్య వైపు చూశాడు. “తెలుసు. అక్క జల్ది కావాలన్నది.”

“తెలిసి కొడ్తవా?”

అతను మిషన్ అందుకున్నాడు. సాయంత్రానికి రెండు తలుపుల పలకలకూ స్క్రూలు దిగాయి. లావణ్య అన్నం పెట్టి లోపలికి పోయింది. నేను తిన్నాను.

మల్లయ్య మామ పోయి చాలా ఏళ్ళయింది. ఎవరి మీదైనా నోరు లేచినప్పుడు, ముందు నాకేం తెలుసో చూసుకుంటాను. ఆ రోజు అది మరిచాను.

తెల్లారి ఏడింటికి శ్రీను వచ్చాడు. తలుపుల స్క్రూలన్నీ విప్పి కిటికీలో పెట్టాడు. లావణ్య చాయ్ తెచ్చి, అది చూసి, గ్లాసు అతని పక్కన పెట్టింది. అతను గాడి తీయడానికి ఉలి పట్టుకుని, “ఎంత సందు ఇడువాలె పెద్దమ్మా?” అని అడిగాడు.

పాత చీర అంచు నుంచి పది పోగులు లాగి, పేని, అతని చేతిలో పెట్టాను.