పక్కింటి అమ్మమ్మ తవుడు జాడీ

ఆవిడకు తెలుసా? నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న నాలోనే ఉంది. అడగవలసిన మనిషి ఒక్కరే. ఆవిడ కిందటి నెల నిద్రలోనే పోయారు. తోడుండటానికి వచ్చిన వాళ్ళమ్మాయి పొద్దున్నే కంచె అవతలి నుంచి పిలిచి ఆ మాట చెప్పినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు. ఇక అడగలేను కదా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

డెబ్బై తొమ్మిదిలో మేం అమెరికాలోని శాన్ హోసేలో ఇల్లు కొనుక్కున్నప్పటికే ఆవిడ పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. జపాన్ నుంచి వచ్చిన వాళ్ళకు ఇక్కడే పుట్టిన మనిషి. మా పిల్లలకు గ్రాండ్మా, మా ఇద్దరికీ పక్కింటి అమ్మమ్మ. మేం చేప కూడా తినమని తెలిసిన మర్నాడే భోజనానికి పిలిచారు. మెత్తగా వండిన అన్నం. ఎండు సముద్రపు నాచు నానేసిన నీళ్ళు కాచి, అందులో పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన చారు. తోఫు. ఉడికించిన పాలకూర మీద దంచిన నువ్వుల పొడి. చిన్న పళ్ళెంలో ఊరిన కీరాదోస ముక్కలు.

“అన్నం, చారు, ఊరగాయ. ఇంకేం కావాలి?” అన్నారు. మా అమ్మ అన్నట్టే ఉంది.

ఆ ముక్కలు ఊరింది తవుడులోనని తెలిసి మావారు ఆగలేకపోయారు. “తవుడా! మా ఊళ్ళో గేదెలకు పెడతామండీ.”

“అదృష్టం చేసుకున్న గేదెలు,” అని ఆవిడ ఆయన పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేశారు.

నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మా పిల్లలు ఆ వంటింట్లోనే కడుపు నింపుకున్నారు. ఆ జాడీని అలా ఎన్నిసార్లు చూశానో! నిండా ఉప్పు కలిపిన తడి తవుడు. అందులో రాత్రి కూరముక్కలు పాతిపెట్టి పొద్దున తీస్తారు. రోజూ ఉంగరం తీసి కిటికీలో పెట్టి, వట్టి చెయ్యి అడుగుదాకా దింపి తిరగేసి, పైన సమంగా అద్ది, పసిపిల్లను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టేవారు. ఆ తవుడు వాళ్ళమ్మ మొదలుపెట్టినది. యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న వాళ్ళందరినీ ఇక్కడి ప్రభుత్వం నిర్బంధ క్యాంపులకు తరలించినప్పుడు ఆ తల్లి జాడీని ఎదురింటి పోర్చుగీసు రైతు భార్య చేతిలో పెట్టి వెళ్ళిందట. మూడేళ్ళ తర్వాత వస్తే బతికే ఉంది. “అదేమిటో ఆవిడకు తెలియదు. కలపమన్నాం, కలిపింది,” అనేవారు అమ్మమ్మ.

నాలుగేళ్ళ కిందటి జూలైలో ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రి మంచం మీంచి నన్ను అడిగింది ఒకటే. “ఆరు వారాలు. రోజుకొకసారి. చేత్తోనే సుమా, చెంచా వద్దు.” నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఊరగాయ జాడీలో చెయ్యి పెడితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది.

రెండు వారాలు బాగానే కలిపాను. మూడో వారం బయట చేరాను. అమెరికా వచ్చాక ఆ మూడు రోజులూ నేను పాటించిందే లేదు. వంట చేశాను, దీపం పెట్టాను. చదివింది వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ. నా జాడీ అయితే చెయ్యి పెట్టేదాన్నే. ఇది ఇంకొకరి తల్లిది. ఆ రోజుల్లో ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందన్న మా నాయనమ్మ మాట చెవిలో దూరింది. ఒకవేళ నిజమైతే? మూడు రోజులే కదా అని ఆగాను.

అసలే ఎండలు. నాలుగో రోజు మూత తీస్తే పైనంతా తెల్లటి పొర, ముక్కు పగిలే పెయింటు వాసన.

“హాస్పిటల్‌కి ఫోన్ చేసి అడుగు,” అన్నారు మావారు.

“ఎందుకు కలపలేదంటే ఏం చెప్పను?”

“ఎమ్మెస్సీ గారు మడి కట్టుకున్నారని చెప్పు.”

ఆ మాటతో ఫోన్ ముట్టుకోలేదు. జాడీ మొత్తం పెరట్లో నిమ్మచెట్టు కింద బోర్లించాను. జపాన్ వాళ్ళ కొట్టులో కొత్త తవుడు కొని ఉప్పు, నాచు కలిపాను. ఆవిడ ఎండుమిరపకాయలు వేయడం చూశాను గనక మా గుంటూరువి నాలుగు వేసి, మిగిలిన రోజులు ఒక్కటీ తప్పకుండా కలిపాను.

ఇంటికి రాగానే ఆవిడ వాకర్ పక్కకు నెట్టి జాడీలో చెయ్యి పెట్టారు. చెయ్యి అడుగున ఆగింది. పొడుగాటి మిరపకాయను పైకి తీసి వెలుతురులో చూశారు.

“ఇదెక్కడిది?”

“మా ఊరిది,” అన్నాను. ఆవిడ దాన్ని మళ్ళీ లోపల పెట్టి తవుడును రెండుసార్లు తట్టారు.

వారం తర్వాత, చిక్కుళ్ళు వలుస్తూ వలుస్తూ, “పైన తెల్లగా పట్టినా కంగారు పడకూడదు. గీకి పారేస్తే చాలు. అడుగున ఉన్నది అంత తేలిగ్గా చావదు,” అన్నారు. సలహా చెప్పారో, క్షమించారో, నేనే చెబుతానని చూశారో! నేను తలూపి ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాను. ఆ తర్వాత ఇండియా నుంచి మిరపకాయలు వచ్చినప్పుడల్లా జాడీలోకని నాలుగు అడిగి పట్టుకెళ్ళేవారు.

కర్మకాండ అయ్యాక వాళ్ళమ్మాయి జాడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. “అమ్మ నీకే ఇమ్మంది. కానీ సగం నాకు కావాలి, ఓకేనా? చిన్నప్పుడు కంపని ముక్కు మూసుకునేదాన్ని. మా అమ్మమ్మ చేతిదంటూ మిగిలింది ఇదొక్కటే.” వచ్చే ఆదివారం డబ్బా తీసుకుని వస్తానంది.

నాలుగేళ్ళు వాళ్ళమ్మ చెయ్యి పడిన తవుడు కదా, అది అబద్ధం కాదు కదా అనుకుంటాను. ఇంతలోనే, ఇది నేను వెతుక్కున్న సాకేమోననిపిస్తుంది. వాళ్ళ అమ్మమ్మదీ, ఆ పోర్చుగీసు ఆవిడదీ మా నిమ్మచెట్టు కింద ఉంది.

రోజూ పొద్దున గాజులు తీసి కిటికీలో పెట్టి చెయ్యి అడుగుదాకా దింపుతున్నాను. మెత్తటి చల్లదనంలో ఎక్కడో ఒక మిరపకాయ వేలికి తగులుతుంది. పైన సమంగా అద్ది రెండుసార్లు తడతాను. ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు. ఆదివారం వాళ్ళమ్మాయికి చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.