పులిపిరి మందూ, నాయినమ్మ ఓటూ

కెమిస్ట్రీలో డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తలో, నాకు తెలియనిది ఏదైనా మిగిలి ఉందంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టి ఉండరని గట్టి నమ్మకం. షోలాపూర్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా చేరి నాలుగు నెలలైంది. కుంభారి కాలనీ నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి సీసాలు కడగడం, కడిగిన సీసాల మీద పేర్లు అంటించడం నా ఉద్యోగం (ఇంట్లో మాత్రం "ప్రయోగాలు చేస్తున్న" అని చెప్పేదాన్ని). వంటింట్లో ఉప్పు డబ్బా తీస్తే సోడియం క్లోరైడ్ అనేదాన్ని, చాయ్‌లోకి చక్కెర వేస్తూ ద్రావణం అనేదాన్ని. ఇంత విజ్ఞానాన్ని ఒక్కదాన్నే మోస్తున్నానే అని నా మీద నాకే జాలి కలిగేది.

ఆ విజ్ఞానం మీద పూర్తి భరోసా ఉన్న మనిషి మా ఇంట్లో ఒకే ఒక్కరు, మా నాయినమ్మ. భవాని పేట్‌లో కాపురానికి వచ్చిన నాటి నుంచీ బీడీలు చుడుతున్న మనిషి. కుంభారిలో బీడీ కార్మికుల కాలనీలో ఇల్లు వచ్చి పేట్ వదిలాక కూడా ఆకూ, తంబాకూ, చేటా ఆమె వెంటే వచ్చాయి. రానిదల్లా ఒక్కటే, ఓటర్ల జాబితాలో ఆమె పేరు. పోయిన ఎన్నికలప్పుడు పాత పేట్‌లో ఓటు వేయడానికి పోతే, అక్కడి మనిషి జాబితా చూసి ఈమె చనిపోయినట్టు రాసి ఉందన్నాడు. ఆ రోజు నాయినమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు, చేట ముందు కూర్చోలేదు. "నడుసుకుంట పోయిన్నే, నా నోటితోనే పేరు చెప్పిన్నే! నన్ను నా ముంగటనే సంపేసిండ్రు" అని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. అంత దిగులుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. తరువాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో, ఎంతమందితో మరాఠీలో, తెలుగులో పోట్లాడిందో కానీ ఈసారి కాలనీ జాబితాలో పేరు వచ్చింది. పోలింగ్ రోజు కట్టుకోవడానికి చీర కూడా తీసి దండెం మీద వేసింది.

పోలింగ్ రేపనగా ఆమె ఎడమచేయి నా ముందు చాపింది. చూపుడువేలి నడిమి కణుపు పక్కన ఒక పులిపిరి. ఆకు మడిచేటప్పుడు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. "గింత సదువుకున్నవ్, దీనికేమన్న మందు లేదానే?" అంది. లేకపోవడమేమిటి! మెడికల్ షాపులో పులిపిరికి రాసే సిల్వర్ నైట్రేట్ పుల్ల దొరుకుతుంది. కొనుక్కొచ్చి, చివర తడిపి రాయడం మొదలుపెట్టాను. చుట్టుపక్కల చర్మానికి అంటకుండా ముందు వ్యాసలిన్ పూయాలని డబ్బా మీద రాసే ఉంది. కెమిస్ట్రీ చదివిన మనిషి డబ్బా మీది రాతలు చదువుతుందా?

రాసిన చోట కాస్త తెల్లబడింది. చర్మంలో ఉప్పుతో కలిసి వెండి తెల్లటి క్లోరైడ్‌గా మారుతుందని నేను వివరిస్తుంటే నాయినమ్మ పెదవి విరిచింది. "తెల్లగైతే ఏమొచ్చె? సున్నం రాసినా తెల్లగైతది. ఇంకింత రాయి." రాశాను. "ఇంకింత." ఇంకింత రాశాను. పుల్ల కరిగి నీళ్లు కణుపు మీది నుంచి వేలి మొదటి దాకా కారాయి. ఆమె నిమ్మళంగా పోయి గుమ్మంలో ఎండకు కూర్చుని బీడీలు చుట్టుకుంది. వెండి లవణాలకు వెలుతురు తగిలితే నల్లబడతాయన్నది నాకు తెలియని సంగతేం కాదు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పరీక్షలో ఆ వెలుతురు మా గుమ్మంలో కూడా పడుతుందా అని అడగలేదు.

సాయంత్రానికి వేలు సగం బొగ్గయింది.

పక్కింటి పెద్దమ్మ చూసి గుండెలు బాదుకుంది. "ఓ వదినె, రేపు గా వేలికే గద శాయి పెట్టేది! ఇయ్యాలనే నల్లగుంటే ఓటెట్ల ఎయ్యనిస్తరు?" (శాయి అంటే ఓటేసినవాళ్ల వేలికి పెట్టే సిరా.) అంతే, ఇల్లంతా ఆసుపత్రి అయిపోయింది. నిమ్మకాయ రుద్దారు, చింతపండు రుద్దారు, చివరికి కిరోసిన్ కూడా రుద్దారు. నేను శాస్త్రీయంగా ఉప్పునీళ్లలో ముంచమన్నాను. దాంతో మిగిలిన మందు కూడా తెల్లగా తేలి, ఆనక అదీ నల్లబడింది. నాయినమ్మ దండెం మీది చీర వైపు రెండుసార్లు చూసింది. దానికన్నా నన్ను తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

పొద్దున్నే కాలనీ బడికి పోయాం. వరసలో మా వంతు వచ్చింది. శాయి సీసా పట్టుకుని కూర్చున్నాయన నాయినమ్మ వేలు చూడగానే చేయి వెనక్కి తీసుకున్నాడు. "ఆజీ, తుమ్చ మతదాన్ ఝాలయ్!" అవ్వా, మీ ఓటు అయిపోయింది అని. నాయినమ్మ మొహం పాలిపోయింది. "నాహీ సాయెబ్, హే... హే పులిపిరి!" అంది. పులిపిరిని మరాఠీలో ఏమంటారో ఆ క్షణాన మా ఇద్దరికీ తట్టలేదు. ఆయన ఆమె వేలిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. గుప్పుమని కిరోసిన్. "ఓటు వేసొచ్చి శాయి చెరపాలని చూశారన్నమాట" అని పెద్ద ఆఫీసర్‌ను పిలిచాడు.

ఇక ఊరుకుంటే నా డిగ్రీకి విలువేముంది? ముందుకొచ్చి తెలుగూ, మరాఠీ, ఇంగ్లీషూ కలిపి పాఠం మొదలుపెట్టాను. సిల్వర్ నైట్రేట్ అంటే ఏమిటి, చర్మంతో ఎలా కలుస్తుంది, వెలుతురుకు ఎందుకు నల్లబడుతుంది. ఆఫీసర్ శ్రద్ధగా తల ఊపుతుంటే ఉత్సాహం ఆగక, "మీ సీసాలో ఉన్నదీ ఇదే మందు సార్!" అని ముగించాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. "అంటే ఈ శాయి మీరు ఇంట్లోనే తయారు చేస్తారా?" అన్నాడాయన చల్లగా. ఓటు సంగతి దేవుడెరుగు, ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు పోయేలా ఉన్నాం.

నాయినమ్మ నన్ను మోచేత్తో పక్కకు జరిపింది. చేయి బల్ల మీద పరిచి, "సాయెబ్, మీరు శాయి గోటికి పెడ్తరా, కణుపుకు పెడ్తరా? నా గోరు సూడుర్రి" అంది. ఎవరో మరాఠీలో చెప్పారు. ఆఫీసర్ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని వంగి చూశాడు. మందు కిందికి కారింది కానీ పైకి పాకలేదు, గోరు తెల్లగా ఉంది. గోటికి అంటిన శాయి నిమ్మకాయకూ కిరోసిన్‌కూ పోయేది కాదని ఆయనకూ తెలుసు. నల్లటి కణుపు మీద పులిపిరిని వేలితో తడిమి, "అరే, చామఖీళ్!" అని పడీపడీ నవ్వాడు (పులిపిరికి మాకు తట్టని మరాఠీ మాట అదే). "లావా, ఆజీంచ్యా నఖావర్ లావా." పెట్టు, అవ్వ గోటి మీద పెట్టు అని. గోటి నుంచి చర్మం దాకా కొత్త గీత పడింది. నాయినమ్మ అట్ట చాటుకు వెళ్లింది. లోపల చాలాసేపు ఉంది. మిషన్ కూత వినపడే దాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.

బయటికి రాగానే, వరసలో నిలబడి ఉన్న పక్కింటి పెద్దమ్మకు వేలు పైకెత్తి చూపించింది. పెద్దమ్మ నోటి మీద చేయి పెట్టుకుని, "అయ్యో వదినె, మందు గోటిదాంక పాకిందా? ఓటు ఎయ్యనియ్యలేదా మరి?" అంది. ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు.

ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. "నా వల్ల నిన్ను దొంగనన్నరు నాయినమ్మా" అన్నాను. ఆమె ఆగి, ఆ నల్లటి వేలితోనే నా కళ్లు తుడిచింది. "అననియ్యవె. పోయినసారి సచ్చిన్నన్నరు, ఇయ్యాల దొంగనన్నరు. బతికున్నోల్లనే గదనె దొంగలంటరు!" అని కొంగు సర్దుకుని ముందుకు నడిచింది. మరుసటి రోజు నుంచి ల్యాబ్‌లో సీసాలు కడుగుతున్నానని ఇంట్లో నిజమే చెప్పడం మొదలుపెట్టాను. అయినా నాయినమ్మ మాత్రం వీధిలో కనబడ్డవాళ్లందరికీ, మా పోరి సర్కారు శాయి తయారు చేస్తదని ఇప్పటికీ గర్వంగా చెబుతూనే ఉంది.