వీరాస్వామిగారి పద్నాలుగు అనుమానాలు

వీరాస్వామిగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అనుమానం. అదీ అలాంటిలాంటిది కాదు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తారు. వీధి చివరిదాకా వెళ్లాక, అంతలా లాగినందువల్ల తాళం వదులైపోయిందేమోనని వెనక్కొచ్చి నాలుగోసారి లాగుతారు.

ముప్పై ఐదేళ్లు తాడేపల్లిగూడెం రిజిస్ట్రారాఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాసిన మనిషి. ఆ పనిలో ఒక ఆచారం ఉంది. ఎక్కడైనా ఒక మాట కొట్టేసినా, పైన గుర్తు పెట్టి ఇంకో మాట చేర్చినా, ఈ పుటలో కొట్టివేతలు ఇన్ని, దిద్దుబాట్లు ఇన్ని అని పేజీ అడుగున రాసి సంతకం పెట్టించాలి. "అక్షరాలు పాపం అమాయకమైనవండీ. వాటి నెత్తికెక్కిన గుర్తులే కొంపలు ముంచుతాయి" అనేవారాయన. పని మానేశాక అనుమానించడానికి దస్తావేజులు దొరక్క, పాలవాడి మీదా పంచాంగం మీదా పడ్డారు.

పక్కింటి యోసేపుగారి అమ్మాయి జెస్సీ చిన్నప్పట్నుంచీ ఈ భాగోతం చూస్తూనే పెరిగింది. ఒకసారి ఆయన వెంట చేపల బజారుకి వెళ్లింది. వీరాస్వామిగారు బతికున్న కొర్రమేను కళ్లలోకి సూటిగా చూసి, "కొల్లేటి చేపేనా?" అన్నారు.

"కొల్లేటిదేనండీ బాబూ" అంది చేపలమ్మి.

"నిన్ను కాదమ్మా. అమ్మేదానివి, నువ్వు అలాగే అంటావు" అని మళ్లీ చేపవంకే చూశారు. చేప రెండుసార్లు నోరు తెరిచిందిగానీ సంతృప్తికరమైన జవాబేదీ చెప్పలేదు. ఆ పూట ఇంట్లో వంకాయ కూరే.

ఇప్పుడు జెస్సీ అండాశయ క్యాన్సర్ మీద పరిశోధన చేస్తోంది. ఏలూరులో ఒక ఆసుపత్రికి వచ్చి, ఆపరేషన్లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క, ఆ మనిషి ఒప్పుకుంటేనే, ల్యాబుకి పట్టుకెళుతుంది. ఒక మంగళవారం వార్డులో అడుగుపెట్టేసరికి నాలుగో మంచం పక్కన వీరాస్వామిగారు కనిపించారు. సెలైన్ సీసా మీది తేదీని భూతద్దంతో చదువుతున్నారు.

మంచం మీద ఉన్నది ఆయన చెల్లెలు వరమ్మ. పెదపాడు మనిషి. ఆరు నెలలు కడుపుబ్బరంగా ఉంటే గ్యాస్ మాత్రలు మింగుతూ కూచుంది. స్కానింగ్‌లో అండాశయంలో గడ్డ అని తేలింది. ఆపరేషన్ అంటే హడలిపోయి ఇప్పటికి రెండుసార్లు ఆసుపత్రి మెట్లదాకా వచ్చి తిరిగి బస్సెక్కేసింది. "ఇంకా ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదమ్మా" అని డాక్టరుగారు కరాఖండిగా చెప్పేశారు. గురువారం పొద్దున్నే ఆపరేషన్. ఈలోగా ఈయన అనుమానాలు వింటే వరమ్మ మూడోసారి పారిపోదూ?

జెస్సీ సమ్మతి పత్రం అందించింది. వీరాస్వామిగారు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంపెట్టి చూశారు.

"ఏమిటమ్మాయ్, ఈ ఆర్ఎన్ఏ?"

"మన కణంలో జన్యువులుంటాయి కదండీ బాబాయ్ గారూ, అది అసలు దస్తావేజు అనుకోండి. బీరువాలోంచి బయటికి రాదు. పని జరగడానికి దాని నకలు తీస్తారు. ఆ నకలే ఆర్ఎన్ఏ."

"సర్టిఫైడ్ కాపీయేనా?"

"అలాంటిదేనండీ. ఆ నకలు మీద కణం చిన్న చిన్న రసాయనపు గుర్తులు పెడుతుంది. అక్షరం మారదు. కానీ గుర్తుని బట్టి ఆ నకలు ఎంతసేపు ఉండాలో, ఎన్నిసార్లు చదవాలో మారిపోతుంది. క్యాన్సర్‌లో ఈ గుర్తులు తారుమారవుతున్నాయి. దాంతో గడ్డ పెరగొచ్చు, ఒక్కోసారి మందుకీ లొంగకపోవచ్చు."

వీరాస్వామిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్పై ఐదేళ్లుగా ఆయన నెత్తీనోరూ కొట్టుకుంటున్నది ఇదే కదా!

"గుర్తులు పెట్టేదెవరు?"

"కొన్ని ప్రొటీన్లండీ. వాటిని రాసేవి అంటాం."

"చెరిపేది?"

"వేరే ప్రొటీన్లు."

"చదివేది?"

"అవీ వేరేనండీ."

"మూడు ముఠాలా! మరి ఎవర్ని పట్టుకున్నారు?"

"కొన్నింటి మీద అనుమానం ఉందండీ. రుజువు చేయడానికే ఈ ముక్కలు అడుగుతున్నాం."

"అడుగున దిద్దుబాట్లు ఇన్ని అని రాసి సంతకం పెట్టే అలవాటు లేదూ, మీ కణానికి?"

"లేదండీ."

"అదీ సంగతి! అందుకే వచ్చింది క్యాన్సర్!"

వార్డంతా ఘొల్లుమంది. నర్సు రత్నమాణిక్యం ఇంజక్షన్ పక్కన పెట్టి మరీ నవ్వింది.

అక్కడితో ఆగితే ఆయన వీరాస్వామిగారెలా అవుతారు? రెండు రోజులూ అదే వరస. మజ్జిగ గ్లాసు పట్టుకుని మంచాల మధ్య అటూ ఇటూ తిరగడం, కొత్త అనుమానంతో జెస్సీ మీదికి రావడం.

"తీసిన ముక్కకి మీ ఫ్రిజ్‌లో చలేస్తుందా?"

"దానికి ఏమీ తెలియదండీ."

"అండాశయం తీసేస్తే ఆడమనిషికి మగ గొంతు వస్తుందా?"

"రాదండీ!"

"మత్తులో ఇంటి గుట్లన్నీ బయటపెట్టేస్తారా? పక్కలో పడుకుంటే మనవరాలికి ఈ జబ్బు అంటుకుంటుందా?"

"అంటుకునే జబ్బు కాదండీ బాబాయ్ గారూ! మీరు అత్తయ్యగారిని భయపెడుతున్నారు."

"నా సంగతి సరే, నువ్వు కాస్త గట్టిగా చెప్పు. ఆరో మంచందాకా వినపడాలి" అన్నారాయన తాపీగా. జెస్సీ పళ్లు నూరుకుంటూనే గట్టిగా చెప్పింది. బుధవారం మధ్యాహ్నానికి పదమూడు అనుమానాలు తీరాయి. పద్నాలుగోది వచ్చింది.

"ఈ ముక్క ఇస్తే మా చెల్లికి ఒరిగేదేమిటి?"

జెస్సీ ఉన్నదున్నట్టు చెప్పింది. "ఆవిడకి ఏమీ ఒరగదండీ. ఎప్పటికో, ఇంకెవరికో మేలు జరగొచ్చు. జరక్కపోనూ వచ్చు. ఇవ్వనన్నా వైద్యం మాత్రం ఇలాగే చేస్తారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిన్నట్నుంచీ విన్నవాటిలో అనుమానం లేని మాట ఇదొక్కటే" అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం జెస్సీ వచ్చి చూస్తే నాలుగో మంచం ఖాళీ! పక్కనే నిలబడ్డ వీరాస్వామిగారి మీద విరుచుకుపడింది.

"చూశారా, నేను అంటూనే ఉన్నాను! మీ దిక్కుమాలిన ప్రశ్నలకి బెదిరి పారిపోయారు! ఈసారి ఏదన్నా అయితే ఎవరిదండీ పూచీ?"

వీరాస్వామిగారు వంగి మంచం కింద చూశారు.

"ఏం వెతుకుతున్నావు అన్నయ్యా, నేనేమన్నా పిల్లినా?" అంటూ వరమ్మ స్నానాలగదిలోంచి వచ్చింది, తల తుడుచుకుంటూ. "రేపు ఆపరేషన్ కదా, తలారా స్నానం చేశాను. అమ్మా జెస్సీ, కలం ఇలా ఇవ్వు."

జెస్సీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అన్నయ్యని కేకలెయ్యకమ్మా. ఆ ప్రశ్నలు ఆయనవి కావు" అంది వరమ్మ సంతకం పెడుతూ. "చలేస్తుందా అన్నది నేను. ఇన్నాళ్లూ నన్ను పారిపోయేలా చేసినవి అలాంటివే. పైకి అడిగితే పల్లెటూరి మొద్దు అనుకుంటారని సిగ్గు."

"మగ గొంతు సంగతి నాదేనండీ" అంది ఆరో మంచం పుష్పమ్మ, దుప్పటి మొహం మీదికి లాక్కుంటూ.

"మనవరాలి మాట నాదమ్మా" అంది ఇంకో మంచం మీంచి ఒక ముసలామె.

"'చెవిలో చెప్పండి, నేను అడుగుతాను. నవ్వితే నన్ను చూసే నవ్వుతారు, నాకు అలవాటే' అన్నాడు మా అన్నయ్య" అంది వరమ్మ. పుష్పమ్మ కూడా చెయ్యి చాపి తన కాగితం అడిగింది.

జెస్సీకి తల ఎత్తి చూడటానికి మొహం చెల్లలేదు. వీరాస్వామిగారు మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు ఫ్యాను రెక్కల్ని అనుమానంగా చూస్తూ నిలబడ్డారు.

గురువారం థియేటర్ బయట ఆయన ఒక్క మాట లేకుండా కూర్చున్నారు. జెస్సీ అది చూడలేకపోయింది.

"బాబాయ్ గారూ, మీ సొంత అనుమానం ఒక్కటీ లేదాండీ?"

"ఉందమ్మా." తలుపువంక చూశారు. "ధైర్యం చెప్పి లోపలికి పంపింది నేను. బయటికి వస్తుందంటావా?"

జెస్సీ పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

మూడు గంటల తర్వాత డాక్టరుగారు వచ్చి, గడ్డ మొత్తం తీసేశామనీ, తర్వాత మందులు వాడాలనీ చెప్పారు. వీరాస్వామిగారు నమ్మలేదు. సాయంత్రం లోపలికి వెళ్లనిచ్చేదాకా నమ్మలేదు. మంచం పక్కన నిలబడి చెల్లెలి మొహం మీదికి వంగి పట్టి పట్టి చూశారు.

వరమ్మ బరువుగా ఒక కన్ను తెరిచింది.

"ఏంటన్నయ్యా ఆ చూపు? పొద్దున్నించీ ఏమీ తినలేదు కదూ? బుద్ధుందా నీకు?"

వీరాస్వామిగారు జెస్సీ వైపు తిరిగారు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు.

"మా చెల్లేనమ్మా! అనుమానమే లేదు!"