రాజుగారి పుట్టినరోజున అడిగిన మాట

మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో, ఏప్రిల్ నెలాఖరున, నేను నెదర్లాండ్స్ రాజుగారి పుట్టినరోజు చేసుకున్నాను. అదీ నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లోని మా అపార్ట్‌మెంట్ల ముందున్న గడ్డిలో. ఆ రాజుగారి ముఖం ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెళ్లింది ల్యాబ్‌లో నా పక్క టేబుల్ దగ్గర కూర్చునే డచ్ అబ్బాయి కోసం.

అతనూ నాలాగే చదువు కోసం వచ్చినవాడు. రెండేళ్లు ఒకే బస్సులో క్యాంపస్‌కి వెళ్లాం, ఒకే బస్సులో తిరిగొచ్చాం. మా మధ్య ఏముందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు. నాకు సిగ్గు. అతనికేం అడ్డమొచ్చిందో తెలియదు.

వాళ్ల దేశంలో ఆ రోజు అందరికీ సెలవు. నారింజ రంగు బట్టలు వేసుకుని, ఇంట్లో అక్కర్లేని సామానంతా వీధిలో దుప్పటి పరిచి అమ్ముకుంటారట. ఇక్కడ ఆ సెలవు లేదు కాబట్టి ఆదివారం చూసుకుని అతనూ, ఇంకొందరు డచ్ విద్యార్థులూ గడ్డిలో దుప్పట్లు పరిచారు. నా దగ్గర ఆ రంగులో ఉన్నది కనకాంబరం రంగు చున్నీ ఒక్కటే. అదే వేసుకుని, పొద్దుటినుంచి ఏమీ తినకుండా వెళ్లాను.

నారింజ రంగు క్రీమ్ పూసిన కేకుల డబ్బా తెరిచి, "తింటావా?" అన్నాడు.

"వద్దులే" అన్నాను. మన దగ్గర అది కాదనడం కాదు, మొదలుపెట్టడం. వాళ్లు "అదేంటి, ఒక్కటైనా" అనాలి, మనం "అయ్యో, ఎందుకూ" అనాలి, మూడోసారికి చెయ్యి చాచాలి. అతను "ఓకే" అని డబ్బా మూసి పక్కవాళ్లకిచ్చాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, పెద్దల ముందు అనరు. నాకు మాత్రం ఆకలి మిగిలింది. లోలోపల నవ్వుకున్నాను కూడా. బుద్ధి అప్పుడే రావాల్సింది.

సాయంత్రానికి అతని ల్యాంపు, పుస్తకాల అర, వంటగిన్నెలు అన్నీ అమ్ముడుపోయాయి. మా కాంప్లెక్స్‌లోని ఒక ఆంటీ గిన్నెల దగ్గర చాలాసేపు బేరమాడి, చివరికి మూతలు కూడా కొసరు వేయించుకుంది. అందరూ వెళ్లాక, నేను దుప్పటి దులుపుతుంటే అతను వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు.

"ప్రొఫెసర్ నన్ను పీహెచ్‌డీకి ఉండమంటున్నారు. రేపు చెప్పాలి. నేను ఇక్కడ ఉండాలని నీకుందా?"

ఉంది. అంతగా ఇంకేదీ కోరుకోలేదు నేను. కానీ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "అయ్యో, నా కోసం ఎందుకు? నీకేది మంచిదో అది చెయ్యి."

"సరే" అన్నాడు. దుప్పటి మడతపెట్టాం.

గదికొచ్చి కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కి చెప్పాను. పప్పుకి పోపు పెడుతూ, "మంచిగనే చెప్పినవ్. అడగంగనే సరే అంటే చులకనైతం. రేపు మళ్ల అడుగుతడు చూడు" అంది. నాకూ అదే సబబనిపించింది. మర్నాడు బస్సులో అతను అడగడానికి వీలుగా ఉండాలని మాట్లాడకుండా కూర్చున్నాను. అతను థీసిస్ గురించి మాట్లాడాడు. పొద్దున్నే ప్రొఫెసర్‌కి కుదరదని మెయిల్ చేశానని దిగేముందు చెప్పాడు. సెమిస్టర్ అయ్యాక అతను వాళ్ల దేశం వెళ్లిపోయేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేసి దింపింది కూడా నేనే. సెక్యూరిటీ లైన్ దాకా రెండోసారి అడుగుతాడనే చూశాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు అతని మీద కోపంగా ఉన్నాను. రెండోసారి అడగడానికి నోరు రానివాడికి ప్రేమేమిటి అనుకున్నాను. కోపం ఉన్నన్నాళ్లు హాయిగానే ఉంది. తప్పు అవతలివాడిదైతే నిద్ర బాగా పడుతుంది.

పోయినేడాది ఏదో కాన్ఫరెన్స్‌కి అతను మా పక్కనే ఉన్న రాలీ నగరానికి వచ్చాడు. నేను ఇంకా ఇక్కడే, హెచ్-1బీ మీద ఉద్యోగం చేసుకుంటున్నాను. కాఫీకి కలిశాం. అతని వేలికి పెళ్లి ఉంగరం ఉంది. కూతురి ఫొటోలు చూపించాడు, బాగుంది పిల్ల. వేళాకోళంగా అన్నట్టే అన్నాను, "ఆ రోజు ఇంకోసారి అడగొచ్చుగా?"

అతను నవ్వలేదు.

"అడగాలని చాలా అనిపించింది. కానీ నువ్వు జవాబు చెప్పేశావు. మళ్లీ అడిగితే నీ మాటని నేను లెక్కచేయనట్టు కదా. బస్సులో నువ్వే ఏమైనా అంటావేమోనని చూశాను. మెయిల్ చేశానని నీతో అన్నాను గానీ, బస్సెక్కేముందు రాసి ఉంచానంతే, పంపలేదు. దిగాక పంపాను."

నేను ఏళ్ల తరబడి మోసిన కోపం అక్కడికక్కడే పనికిరాకుండా పోయింది. ఏడుపొచ్చింది, కప్పు ఎత్తి ఆపుకున్నాను. అతను నన్ను గౌరవించాడు. అది నాకు పట్టనితనంలా కనిపించింది. ఆ రోజు బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చుని, ఎదుటివాళ్లు నోరు విప్పుతారని ఎదురుచూశాం.

"మరి ఆ రోజు నీ మనసులో ఏముంది?" అన్నాడు.

"ఉండిపొమ్మనే ఉంది" అన్నాను వెంటనే.

అతను కూతురి ఫొటో ఉన్న ఫోన్ తిరగేసి పెట్టి, "ఇది నువ్వు నాకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.