సముద్రానికి వీపు పెట్టి చేసిన నమాజు

ఉప్పునీళ్ళకు ఒక అంచునూ మంచినీళ్ళకు ఒక దారినీ ఏర్పరచిన ఆ ప్రభువుకే మొదట స్తుతి. నిలబడ్డా, వంగినా, నేలకు నుదురు ఆనించినా మా వైపే చూసే అల్లాహ్‌కు స్తుతి. మన తెలివి ఎంతటిదో అప్పుడప్పుడు గుర్తుచేస్తున్నందుకు ఆయనకు మరోసారి స్తుతి. ఈ చివరిది మాత్రం నా సొంత అనుభవం మీద చెబుతున్నాను.

నేను పుట్టింది రేపల్లెలో. ఉండేది తెనాలిలో. అక్కడ ఒక చిన్న మసీదులో ఇమామ్‌ని. రోజూ ఐదు వేళలా ముందు నిలబడి నమాజు చేయించడం, సాయంత్రం పిల్లలకు దైవగ్రంథం చదవడం నేర్పడం నా పని. ఆ మసీదు కమిటీకి పెద్ద మా మామగారు. మసీదులో ఆయన నా వెనక నిలబడతారు, ఇంట్లో నా ఎదురుగా కూర్చుని, ఏ పూట ఏ ముక్క ఎంత సాగదీశానో చెబుతారు. చీరాల బట్టలు తెచ్చి నలభై ఏళ్ళు షాపు నడిపిన మనిషి. గజం బట్టలో అంగుళం తేడా వచ్చినా పట్టేస్తారు. నన్నూ అలాగే కొలుస్తారు.

నా భార్య ఆదివారాలు మా ఇంటి ముందుగదిలో ఆడవాళ్ళకు పాఠం చెబుతుంది. పాఠం అయ్యాక టీ, టీ అయ్యాక కబుర్లు. ఆ కబుర్లలోనే ఒకావిడ అందిట: "మగవాళ్ళు జమాత్ ప్రచారం పేరు చెప్పి ఊళ్ళన్నీ తిరిగొస్తారు. మనకి సూర్యలంక సముద్రం కూడా దూరమేనా అక్కా?" నా భార్య ఆ మాట వంటింట్లో నాతో అంటుంటే, బియ్యం ఏరుతున్న మా అత్తగారు తల ఎత్తకుండానే అన్నారు: "నేను సముద్రం చూడలేదు బాబూ."

నేను నమ్మలేదు. సముద్రానికి రెండు గంటల దూరంలో పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. అరవై దాటాయి.

"బాపట్లలో మూడు పెళ్ళిళ్ళకి వెళ్ళాను. ప్రతిసారీ మీ మామ 'రేపు చూద్దాంలే' అనేవారు. తెల్లారితే షాపు తెరవాలి. బస్సెక్కేవాళ్ళం."

అది ఫిర్యాదులా కూడా చెప్పలేదు. ఆ మాట అనేసి రాయి ఒకటి ఏరి పక్కన పడేశారు. నా భార్య నా వైపు చూసింది. ఇక టూరు తప్పదని నాకు అర్థమైంది.

మామగారిని ఒప్పించడానికి నెల పట్టింది.

"సముద్రంలో ఏముంది? నీళ్ళేగా," అన్నారాయన. "నీళ్ళే చూడాలంటే మీ ఆయన ఊరు రేపల్లె పోండి, కృష్ణ ఉంది. పడవ ఎక్కొచ్చు. అంత దూరం కూడా ఎందుకు, మన కాలవ లేదూ? వంతెన మీద నిలబడితే కనిపిస్తుంది."

"కాలవలో కెరటాలు రావు కదా అబ్బా," అంది నా భార్య తండ్రితో.

"అందుకే కాలవ మంచిది."

చివరికి ఒక శుక్రవారం నమాజు అయ్యాక షరతులు చెప్పారు. బస్సులో కుటుంబాలతో సహా అందరూ రావచ్చు. మధ్యాహ్నం జొహర్ నమాజు బాపట్ల మసీదులో, సాయంత్రం అసర్ సముద్రం దగ్గర, వేళకి, అందరూ కలిసి జమాత్‌తో జరగాలి. రాత్రి ఇషా నమాజుకి తెనాలిలో ఉండాలి. "నేనూ వస్తాను," అని కూడా అన్నారు. "ఎవరికి ఏ నష్టం జరిగినా, ఏ అల్లరి జరిగినా, ఆడవాళ్ళ టూరు అనే మాట మళ్ళీ నా ముందు ఎత్తకూడదు. అల్లుడూ, విన్నావా?"

విన్నాను. నా భార్య తలుపు వెనక నుంచి ఇంకా బాగా వింది. "ఇది ఒక్క టూరు కాదండీ," అంది తర్వాత నాతో. "సరిగా జరిగిందా, ఏడాదికోసారి వెళ్తాం. జరగలేదా, అమ్మకి ఇదే మొదలు, ఇదే ఆఖరు. బస్సు, భోజనాలు, పిల్లలు అన్నీ మేం చూసుకుంటాం. మీ చేతిలో ఉన్నది నమాజు ఒక్కటే. అది సరిగ్గా చేయించండి, చాలు."

అది నాకు పెద్ద పనిగా తోచలేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే.

పోయిన శీతాకాలంలో ఒక ఆదివారం బయల్దేరాం. ముందు మగవాళ్ళం, వెనక ఆడవాళ్ళు, మధ్యలో బిర్యానీ గిన్నెలు. పొన్నూరు దాటాక ఒక కుర్రాడు నా సీటు దగ్గరకొచ్చి, "సార్, మనం ప్రయాణంలో ఉన్నాం కదా, అసర్ నాలుగు రకాతుల బదులు రెండు చేసుకోవచ్చా?" అని అడిగాడు. నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించే ఒక్కో చుట్టు ఒక రకాతు. ప్రయాణికుడికి ఆ సడలింపు ఉన్న మాట నిజమే. కానీ దానికి ఇంత దూరం అని లెక్క ఉంది. సూర్యలంక ఆ లెక్కకు అందదు. "దూరం చాలదు నాయనా, నాలుగూ చేయాల్సిందే," అన్నాను. మామగారు తృప్తిగా తల ఊపారు. సముద్రం ఇంకో ఇరవై కిలోమీటర్లు అవతల ఉండుంటే ఆ రోజు కథే వేరుగా ఉండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జొహర్ బాపట్లలో ముగించుకుని సూర్యలంక చేరాం. భోజనాలు సరుగుడు చెట్ల కింద అయ్యాయి. అప్పటికి నీళ్ళు చాలా కిందికి పోయి ఉన్నాయి. పిల్లలు పరుగెత్తారు, వాళ్ళ వెనక తల్లులు, ఆ వెనక మా అత్తగారు. ఆవిడ నురగ ఆగేచోటికి రెండడుగుల ఇవతల ఆగిపోయారు. బుర్ఖా అంచు చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే చూశారు. నా భార్య చెయ్యి పట్టి లాగింది. రాలేదు. గట్టున ప్లాస్టిక్ కుర్చీలో మామగారు కూర్చుని ఇటే చూస్తున్నారు.

"చూశాను కదే. చాలు," అని వెనక్కి వచ్చేశారు అత్తగారు.

అసర్ వేళ అయింది. ఎక్కడ నిలబడాలి? చెట్ల కింద ఆదివారం జనం, పాటలు, ఎంగిలి విస్తళ్ళు. ఎండు ఇసుక మీద సజ్దాకి వంగితే నుదురు అంతా ఇసుకే, పైగా వాలు. ఇంకా కిందికి దిగితే తడి ఇసుక కనిపించింది. చదునుగా, గట్టిగా, కడిగిన మసీదు నేలలా ఉంది. నా మనసు దాని మీద పడింది. చాపలు అక్కడే వేయించాను.

పక్కనే బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకావిడ విసనకర్ర ఆపి చూసింది.

"సాయిబుగారూ, అక్కడొద్దండి. నీళ్ళు పైకి తిరిగినయ్యండి. రేపు పున్నమండి."

"పది నిమిషాల పనేనమ్మా," అన్నాను.

"మీ పని పది నిమిషాలే. దాని పని దానికుంటది కదండీ," అని ఆవిడ మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

ఇక్కడ నా తప్పు దాచుకోను. మేం కాలవ నీళ్ళ మనుషులం. లాకులు ఎత్తితే నీళ్ళొస్తాయి, దించితే ఆగుతాయి, ఎప్పుడు వదులుతారో ముందే చెబుతారు. నీళ్ళు వాటంతట అవి పైకి రావడం మా అనుభవంలో లేదు. అది మిగతావాళ్ళకు సాకు. నాకు ఆ సాకు కూడా లేదు. ప్రతి నెలా నెలవంక కోసం మేడెక్కి ఆకాశం వెతికేవాణ్ణి నేను. ఆ ఉదయమే మసీదు బోర్డు మీద చాంద్రమాన తేదీ పదమూడు అని సుద్దముక్కతో రాసి వచ్చింది కూడా నేనే. ఆ చంద్రుడికీ ఈ నీళ్ళకీ సంబంధం ఉందని బొగ్గుల ముందు కూర్చున్న ఆవిడకు తెలుసు, నాకు తట్టలేదు.

వరసలు కట్టాం. మసీదులో గుమ్మం వెనక ఉంటుంది కాబట్టి చెప్పులు వెనక విడవడం అలవాటు. అక్కడా అలాగే, ఆఖరి వరస వెనక చక్కగా జతలు జతలుగా విడిచారు. మేం తిరిగే కిబ్లా పడమర, అంటే నేల వైపు. సముద్రం వీపు వైపు. సముద్రానికీ మాకూ మధ్య ముప్పై జతల చెప్పులు. ఆడవాళ్ళు దూరంగా, చెట్ల దగ్గర దుప్పట్లు అడ్డం కట్టుకుని ఎవరి నమాజు వాళ్ళు చేసుకుంటున్నారు.

అసర్ నమాజు గొంతు పైకి రాకుండా చదివేది. అందుకని చుట్టూ ఉన్న ప్రతి చప్పుడూ చెవిన పడుతుంది. మొదటి రకాతు ప్రశాంతంగా గడిచింది. రెండోదానిలో కెరటం చప్పుడు కాస్త దగ్గరగా వినిపించినట్టయింది. మూడోదానికి లేచి నిలబడ్డాం.

"సాయిబుగారూ! చెప్పులండీ!"

మొక్కజొన్న ఆవిడ గొంతు.

"బాబాయ్! ఓ బాబాయ్! చెప్పులు ఈదుకుంటా పోతున్నయ్యండీ!"

నమాజులో తల తిప్పకూడదు. మాట్లాడకూడదు. అయితే సొత్తు పోతుంటే నమాజు ఆపి దాన్ని కాపాడుకోవచ్చని పెద్దల తీర్పు ఉంది. అంతకుముందు నెల ఆ పాఠం చెప్పింది నేనే. కానీ ఇప్పుడు ఆపాల్సింది ఎవరు? సొత్తు ఎవరిదో వాళ్ళు. ఎవరి చెప్పులు పోతున్నాయో తిరిగి చూస్తేగాని తెలియదు. తిరిగి చూస్తే నమాజు పోతుంది. ఇమామ్ ఆపేస్తే అందరిదీ పోతుంది. ఈ చిక్కు నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. వెనకవాళ్ళలో ఒక్కరన్నా కదులుతారేమోనని చెవులు రిక్కించాను. ఇమామ్ కదలందే మనం ఎలా అని వాళ్ళు చూస్తున్నారు కాబోలు. సరిగ్గా నా వెనక మామగారు గొంతు సవరించుకున్నారు. ఇరవై ఏళ్ళలో ఆ సవరింపుకు ఒకటే అర్థం: కానివ్వు.

నాలుగో రకాతులో వినిపించింది మరో చప్పుడు. ఆడవాళ్ళ నవ్వులు. ఒకరిద్దరివి కాదు. నీళ్ళలో గుంపుగా పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు. "అదిగో, అటు, అటు!" అనే కేకలు. ఆఖరి సజ్దాలో నా కాలివేళ్ళ కిందికి చల్లగా నీళ్ళొచ్చాయి. నేను ముందు వరస. మరి ఆఖరి వరస సంగతేంటి? ఆ తర్వాత కాస్త తొందరపడ్డాను. అల్లాహ్ క్షమించుగాక.

సలామ్ చెప్పి నమాజు ముగించాక ఇమామ్ వెనక్కి తిరిగి జనానికి ఎదురుగా కూర్చోవడం పద్ధతి. కాబట్టి మగవాళ్ళందరిలో సముద్రాన్ని మొదట చూసింది నేనే.

చెప్పులు లేవు. మా ఆడవాళ్ళంతా నీళ్ళలో ఉన్నారు. ఒంటరి నమాజు త్వరగా అవుతుంది కదా, మాకన్నా ముందే ముగించుకుని దిగిపోయారు. నా భార్య కొంగు నిండా చెప్పులు. మొక్కజొన్న ఆవిడ విసనకర్రతో ఒక షూని గట్టుకు లాగుతోంది. అందరికన్నా లోపల, మోకాళ్ళ పైదాకా తడిసి, ఒక తోలుచెప్పు తల మీదికి ఎత్తి పట్టుకుని, మా అత్తగారు నవ్వుతున్నారు. ఆవిడ నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఏంటి అల్లుడూ, నీ మొహం అలా అయిపోయింది?" అన్నారు మామగారు.

"మామయ్యా, ముందు దుఆ చేసుకుందాం," అన్నాను.

చేతులెత్తి ప్రార్థించాం. నా జీవితంలో అంత పొడుగు దుఆ చేయించలేదు. అయినా ముగించక తప్పలేదు. ఆయన తిరిగి చూశారు.

పిల్లలు చెప్పులు ఇసుక మీద పరిచి జతలు కలుపుతున్నారు. ఏడు జతలు పూర్తిగా పోయాయి. మామగారి జతలో అత్తగారి చేతిలోది ఒకటే మిగిలింది. ఆయన లేచి నిలబడ్డారు. "నష్టం జరిగింది. అల్లరీ జరిగింది," అన్నారు నా భార్య వైపు చూసి. "నేనేం చెప్పాను?"

నా భార్య కొంగులోంచి నీళ్ళు కారుతున్నాయి. తప్పు నాదేనని నేను అనబోయాను.

"ఏవండీ!" నీళ్ళలోంచి అత్తగారు కేక వేశారు. "ఇదొక్కటే దొరికింది! ఉండండి, రెండోది చూసొస్తా!"

అంటూనే ఇటు వీపు తిప్పి ఇంకా లోపలికి నడవడం మొదలుపెట్టారు. ఎవర్నీ అడగలేదు.

"ఓయ్! ఆగు! కెరటం లాగేస్తుంది!" మామగారు లుంగీ ఎగ్గట్టి వట్టి కాళ్ళతో నీళ్ళలోకి దిగారు. ఒక కెరటం వచ్చి ఆయన్ని నడుందాకా తడిపింది. తూలారు. అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. పోయిన చెప్పు కోసం ఇద్దరూ కాసేపు అటూ ఇటూ చూశారు. తర్వాత చూస్తున్నది చెప్పు కోసం కాదని గట్టు మీద మా అందరికీ తెలిసిపోయింది. ఎవరం పిలవలేదు. మొక్కజొన్న ఆవిడ మాత్రం నా వైపు చూసి, "పది నిమిషాలన్నారు కదండీ," అంది.

బాపట్లలో పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు ఎనిమిది మందిమి వట్టి కాళ్ళతో వెళ్ళాం. అక్కడి ఇమామ్ సాహెబ్ ఏమీ అడగలేదు, మంచి మనిషి. తిరుగు బస్సులో వెనక సీట్లలో ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నా భార్య కిటికీలోంచి చూస్తోంది. తెనాలి దగ్గరపడ్డాక మామగారు లేచి కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. లుంగీ ఇంకా తడిగానే ఉంది.

"అందరూ వినండి. అసర్ వేళకే జరిగింది. నాలుగు రకాతులూ జరిగాయి. ఎవరూ కదల్లేదు. అది బాగుంది." ఆగారు. "వచ్చే ఏడు చెప్పులు బస్సులోనే వదిలి దిగాలి."

చెప్పుల గురించి ఇంకా ఏదో చెప్పారు. ఎవరూ వినలేదు. వెనక సీట్లలో గోల మొదలైంది. ఎవరో పిల్ల చప్పట్లు కొట్టింది. నా భార్య మొహం చేతుల్లో దాచుకుంది. "ఇదిగో, ఇదే అల్లరి అంటే!" అని మామగారు గద్దించారు. ఆ గద్దింపు కూడా ఎవరూ వినలేదు.

ఈ శీతాకాలం మళ్ళీ వెళ్తున్నాం. బస్సు ఒకటి చాలడం లేదు, చెరుకుపల్లి వాళ్ళు కూడా వస్తామంటున్నారు. చదువుతున్న మీరు ఏ పేరుతో ఆ ప్రభువును పిలిచినా సరే, ఒక్క నిమిషం నాతో చేతులెత్తండి. ప్రభూ, ఇళ్ళల్లో 'చాలు' అనేసి ఊరుకున్న ఆడవాళ్ళందరికీ నీ సృష్టిని చూసే రోజు ఇవ్వు. వాళ్ళ మోకాళ్ళలో బలం ఇవ్వు. వాళ్ళను తీసుకెళ్ళే మాలాంటివాళ్ళకు, చెప్పిన మాట వినే బుద్ధి ఇవ్వు. వెళ్ళినవాళ్ళందరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమీన్ అనండి.