ఫోటో అంటే నోరు మూసుకునే వదిన

ఇన్నేళ్ళూ నేను ఏమీ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అక్షరాలు రావు, అంతే. బడికి పోవలసిన ఈడులో మా నాయన నన్ను మార్కాపురంలో పలకలు చేసే చోట పనికి పెట్టాడు. రాతిని పలుచగా చీల్చి, కోసి, నున్నగా రుద్దాక దాని మీది పొడిని తడిగుడ్డతో తుడవడం నా పని. తుడిచినదానికి ఇంకొకరు చెక్క చట్రం బిగించేవాళ్ళు. వాటి మీద ఏ ఊరి పిల్లలు ఏం దిద్దుకున్నారో నాకు తెలియదు. తర్వాత పెళ్ళి, మిరపకాయల కోతలు, కందిచేలో కలుపు, పిల్లలు. వాళ్ళు చదువుకునేటప్పుడైనా పక్కన కూర్చుని నేర్చుకోవచ్చు కదా అని మీరు అనొచ్చు. కూర్చున్నాను. రోజూ వాళ్ళకంటే ముందు నేనే నిద్రపోయేదాన్ని.

నాకు మనవరాలు పుట్టాక, మా చర్చి అయ్యగారి భార్య సాయంత్రాలు ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆమెను మేము అమ్మగారు అంటాం. మేమంతా బైబిలు చదువుకుంటామని ఆమె ఆశ. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివింది మాత్రం మార్కాపురం బస్టాండు దగ్గర గోడ మీది సినిమా పోస్టరు. ఆటోలో పోతూ సంతోషం పట్టలేక పైకే చదివేశాను. అమ్మగారు పక్కనే కూర్చుని ఉంది.

"మంచిదే. ఇంటికి పోయినాక ఒక కీర్తన కూడా చదువమ్మా," అంది.

సినిమా పిచ్చి నాకు మా వదిన అంటించింది. వదిన అంటే నా మొగుడి అక్క. ఆమె భర్త పోయాక పుట్టినూరికే వచ్చేసింది. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక పిట్టగోడ, దాని మీదుగా రోజంతా మాటలు. మూడో తరగతి దాకా చదివింది కాబట్టి ఆ రోజుల్లో పోస్టర్లు చదివే అధికారం ఆమెదే. నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు చిట్లించి, ఏదో ఒక పేరు చెప్పేది. హాల్లోకి పోయాక పక్కన కూర్చున్నవాళ్ళు ఇంకో పేరు చెప్పేవాళ్ళు.

"పేరు మార్చినట్టుండార్లే," అనేది వదిన, ఏమాత్రం తొణక్కుండా.

అప్పట్లో ఉన్న పెద్ద అయ్యగారు సినిమాలు చూడొద్దని ఆదివారం ఆదివారం గట్టిగా చెప్పేవాడు. అందుకని మేము పంటి డాక్టరు దగ్గరకని చెప్పి మార్కాపురం పోయేవాళ్ళం. మా వదినకు నోట్లో ఉన్న పళ్ళకంటే నొప్పి పెట్టిన పళ్ళే ఎక్కువ. ఆఖరికి పెద్ద అయ్యగారు ఒకరోజు ఆమె పళ్ళ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు సినిమాలకు పోవడం కష్టమైంది.

సినిమాలో నేను కథ చూసేదాన్ని, చీరలు చూసేదాన్ని, ఏడ్చేదాన్ని. వదిన అట్లా కాదు. పాట రాగానే కళ్ళు మూసుకునేది. తెర మీద హీరో, హీరోయిన్ మంచుకొండల్లో గంతులు వేస్తుంటే, డబ్బు పెట్టి టిక్కెట్టు కొని ఈమె కళ్ళెందుకు మూసుకుంటుందో నాకు మొదట అర్థం కాలేదు. తిరుగు బస్సులో తెలిసింది. కిటికీ వైపు తిరిగి సన్నగా కూనిరాగం తీసేది. ఊరు దగ్గర పడేసరికి ఆ రాగంలో నుంచి హీరోయిన్ నడుమూ, హీరో కన్నూ పోయి, వాటి చోట దేవుడి దయా, కృపా వచ్చి కూర్చునేవి. ఆదివారానికి కొత్త పాట తయారు.

"ఈ రాగం ఎక్కడిదమ్మా? భలే ఉంది," అని పెద్ద అయ్యగారు అడిగాడు ఒకసారి.

"ప్రార్థనలో ఉంటే వచ్చినాది అయ్యగారూ."

వెనక వరసలో ఉన్న వయసు పిల్లలు నోటికి పైట అడ్డం పెట్టుకుని తలలు వంచుకున్నారు. పెద్ద అయ్యగారు అది భక్తి అనుకున్నాడు.

అట్లా వచ్చిన పాటల్లో ఒకటి మా ఊరికి సొంతమైపోయింది. వానలు లేక కందిచేలు మాడిపోయిన ఏడు కట్టింది దాన్ని. "మోడైన కందిమొక్కకు మొగ్గ తొడిగిన నా నాయనా" అని పల్లవి. ఏ పాటల పుస్తకంలోనూ అది లేదు. పల్లవి ఊరంతా అందుకుంటుంది. చరణాలు మాత్రం వదినవే. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ విరచాలో ఆమెకే తెలుసు. పెళ్ళయినా, పంట ఇంటికొచ్చినా, ఎవరినైనా సాగనంపినా, ఆ పాట పాడకపోతే ఏదో వెలితి. నేను ఆమె పక్కనే నిలబడతాను గానీ, పాడను. కొత్తలో ఒకసారి పాడితే ఆమె నా చెవిలో, "నువ్వు చప్పట్లు కొట్టు మరదలా, అది బాగా చేస్తావు," అంది. అప్పటి నుంచీ చప్పట్లే కొడుతున్నాను.

ఇక ఫోటోల సంగతి. మా పెద్దోడు మార్కాపురంలో ఆటో తోలుతాడు. వాడు కొత్త ఫోను కొనుక్కుని పాత టచ్ ఫోను నాకిచ్చాడు, మాట్లాడుకోమని. మాట్లాడ్డానికి పిట్టగోడ ఉండగా ఫోనెందుకు? నేను దాంతో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. పెనం మీద దోసె, దడి మీద కూర్చున్న కోడి, కొండ మీద మబ్బు, ఎండలో ఆరబోసిన మిరపకాయలు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న నా మొగుడు. ఆయనవే ఎక్కువ ఉంటాయి. నేను తీసిన మనుషులకు సాధారణంగా తల ఉండదు. తల ఉంటే కాళ్ళుండవు. అన్నీ ఉన్నచోట ఒక మూల నా వేలు ఉంటుంది. "ఈ వేలు చూసి మీ అమ్మ తీసిందని కనిపెట్టొచ్చు," అని మా పెద్దోడితో మొగుడు అంటాడు. అంటే ఏమిటి? సంతకం పెట్టడం ఈ మధ్యనే నేర్చుకున్నాను. ఫోటోల మీదా పెడుతున్నాననుకోవాలి.

మా తరం మనుషులను ఫోటో తీయడం తేలిక కాదు. మాకు ఫోటో అంటే గిద్దలూరు స్టూడియో. పెళ్ళయిన కొత్తలో వదినవాళ్ళూ, మేమూ కలిసి అక్కడికే పోయి తీయించుకున్నాం. వెనకాల గుడ్డ మీద పూలతోట, మొహాల మీద మండే లైట్లు. కెమెరా గుడ్డ ముసుగులో నుంచి స్టూడియో ఆయన ఒకటే అరుపు: "కదలద్దు, నవ్వద్దు, నోర్లు మూసుకోండి!" ఆ ఫోటోలో మేమందరం ఎవరో తిడితే పడుతున్నట్టు ఉంటాం. ఆ మాట మాలో ఎంతగా నాటుకుపోయిందంటే, ఈనాటికీ ఫోను ఎత్తితే చాలు, మా ఊరి పెద్దవాళ్ళు చేతులు పక్కలకు అంటించి, పెదాలు బిగించి నిలబడిపోతారు. మనవరాలు మాత్రం అదే ఫోనుకు నాలుక చూపిస్తుంది.

ఈ ఏడు మిరప కోతల తర్వాత వదిన మెడ మీద గడ్డ లేచింది. ఒంగోలులో డాక్టరు చూసి, ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. గొంతు మాత్రం మారొచ్చు, మారకపోవచ్చు అన్నాడు.

"మాట్లాడేదానికి వస్తాది గదా సారూ?" అంది వదిన.

"వస్తుందమ్మా."

"ఇంకేం. దీన్ని తిట్టేదానికి అది చాలు," అని నన్ను చూపించింది. డాక్టరు నవ్వాడు. కానీ తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నా కూనిరాగం రాలేదు. ఊరొచ్చేదాకా చూశాను. రాలేదు.

అప్పుడే నేను నిర్ణయించుకున్నాను. ఆపరేషన్‌కు పోయేలోగా కందిమొక్క పాట మొత్తం, అన్ని చరణాలూ, ఆమె గొంతుతో ఫోనులో పట్టాలి.

వీడియో తీస్తానని చెప్పాను. ఒప్పుకుంది. ఒప్పుకున్న వదిన లోపలికి పోయి చాలాసేపటికి బయటికొచ్చింది. పట్టుచీర, మొహానికి పౌడరు, చేతిలో బైబిలు. గోడకు ఆనుకుని నిలబడింది. నేను ఫోను ఎత్తాను. ఆమె చేతులు పక్కలకు అంటించి, పెదాలు బిగించింది.

"పాడు వదినా."

కళ్ళతోనే సరే అంది. పెదాలు కదలలేదు.

"ఇది ఫోటో కాదు, వీడియో. కదలొచ్చు. నోరు తెరువు."

ఒక కనుబొమ ఎత్తింది, అంతే. నేను విసిగిపోయి ఫోను దించాను. దించగానే, "ఎంతసేపు నిలబెడతావే? కాళ్ళు లాగుతుండాయి," అని, చీర మార్చుకోవడానికి లోపలికి పోతూ పల్లవి ఎత్తుకుంది. నేను ఫోను పట్టుకుని వెనకాలే పరిగెత్తాను. నన్ను చూడగానే టక్కున ఆపి, దండెం పక్కన మళ్ళీ నిటారుగా నిలబడింది. మర్నాడూ అదే. ఆ తర్వాతా అదే. నా ఫోనులో వదిన వీడియోలు చాలా ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ ఒక స్తంభం, దానికి పట్టుచీర. వెనక కోళ్ళు మాత్రం బాగా అరుస్తాయి.

"నోట్లో నుంచి మాట రావడంల్యా మరదలా," అంది ఒకసారి, నిజంగానే దిగులుగా. "ఆ స్టూడియో ఆయన వచ్చి అరిచినట్టే ఉంటాది."

ఒంగోలు పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం గోంగూర తెంపుదాం రమ్మని పిలిచింది. నేను ఫోనులో వీడియో నొక్కి, బుట్టలో ఆకుల కింద దాచి తీసుకుపోయాను. ఇద్దరం వసారాలో కూర్చుని కాడలు తీస్తున్నాం. అడగకుండానే ఆమె పాట ఎత్తుకుంది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. మధ్యలో "పురుగాకు వేస్తుండావు, కళ్ళు కనపడల్యా?" అని నన్ను తిట్టి, తిట్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే రెండో చరణం అందుకుంది. నేను ఫోను ఉన్న వైపు కాకుండా బుట్టలో ఇంకో పక్కకు ఆకు వేస్తూ పోయాను.

మూడో చరణం మధ్యలో బుట్ట మోగింది.

వదిన పాట ఆపి బుట్ట వైపు చూసింది. "ఏందే ఇది, గోంగూర మోగుతుంది?"

నా మొగుడే. ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టావని. పిట్టగోడ దగ్గరకొచ్చి అడగొచ్చు. అడగడు. నేను ఆకుల్లో నుంచి ఫోను తీసి ఆయనకు చెప్పి పెట్టేసేసరికి వదినకు సంగతంతా అర్థమైంది.

"ఏదీ, వినిపించు," అంది.

వినిపించాను. తెర మీద గోంగూర తప్ప ఏమీ లేదు. లోపలి నుంచి ఆమె పాట వస్తోంది. వదిన ఒళ్ళో ఆకు వదిలేసి వింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"తీసెయ్ దాన్ని," అంది.

"ఎందుకు వదినా? ఎంత బాగా పాడినావు!"

"ఫోటో తీసే ఆయనన్నా ముందు చెప్తాడే కదలద్దని. నువ్వు చెప్పకుండా తీసుకున్నావు."

"చెప్తే నోరు మూస్తావు గదా!"

"మూస్తా. నా నోరు, నా ఇష్టం." ఒక కాడను గోటితో చీల్చి పడేసింది. "రేపు గొంతు పోయినాదనుకో. మీరంతా దీన్ని చర్చిలో పెట్టుకోని వింటారు. నేను పక్కన మూగదాని మాదిరి కూచోని, నా పాట నేనే వినాల్నా? పాటంటే మనిషి పాడాల మరదలా. ఎవురో ఒకరు."

ఆమె చూస్తుండగానే ఆ వీడియో తీసేశాను. స్తంభం వీడియోలు కూడా తీసెయ్యనా అని అడిగాను.

"అవి ఉండనీ. చీర బాగుంటాది," అంది. గోంగూర పచ్చడిలోకి ఎండుమిరపకాయలు తెమ్మని లేపింది.

మరుసటి ఉదయం మా పెద్దోడు ఆటోలో మమ్మల్ని మార్కాపురం తీసుకుపోయి ఒంగోలు బస్సెక్కించాడు. వదినకు కిటికీ పక్క సీటు ఇచ్చాను. మెడకు కొంగు చుట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. బస్సు ఊరు దాటాక నేను ఆమె భుజం తట్టాను.

"మొదటి చరణం చెప్పు."

"ఎవురికి?"

"నాకు. నేర్చుకుంటా."

నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీకా? దేవుడు వింటాడే, పాపం."

"విననీ. నువ్వు చెప్పు."

కండక్టరు దాటిపోయేదాకా ఆగి, వదిన నా చెవి దగ్గరకు వంగి మొదటి వరస పాడింది. నేను పాడాను. తొడ మీద చిన్నగా ఒకటి కొట్టి, "యాడికి పరిగెత్తుతుండావు? వరస మధ్యలో ఊపిరి తీసుకో," అంది. మళ్ళీ పాడాను. ముందు సీట్లో తట్ట పెట్టుకున్న పండ్లామె వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది. వదినకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే రెండో వరస అందించింది.

పొదిలి వచ్చేసరికి నేను మొదటి చరణం మొత్తం ఎక్కడా ఆగకుండా పాడాను. బాగా పాడానని అనను.

"ఇంకోసారి," అంది వదిన.