ఎడమవైపు ఎర్ర తాళ్ళు

ప్రొద్దుటూరులో నూలుకు రంగు వెయ్యడం తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కారకుండా వెయ్యడం తెలిసినవాళ్ళు తక్కువ. వాళ్ళలో నేనొకణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. నా చేతి ఎరుపు చీరను తెల్లబట్టలతో కలిపి నానబెట్టినా నన్నెవరూ తిట్టుకోరు, అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో రాగి కాగు ముందు నిలబడుతున్నాను. ఏ రోజు రంగు ఆ రోజు మోచేతులదాకా ఉంటుంది. పెళ్ళిళ్ళకు పోయినా చేతులు దాచుకోను.

మాకు నూలు తూకంలో వస్తుంది, రంగేసి ఆరబెట్టి మళ్ళీ తూకంలోనే ఇచ్చేస్తాం. ఒక చిలప నూలు చుట్ట విప్పితే పోగు ఎంత పొడుగుంటుందని నన్నెవరూ అడగలేదు. నేనూ కొలవలేదు. ఆ లెక్కలు నా భార్యవి. ఆమె మగ్గం మీద కూర్చునే మనిషి. కాగు దగ్గరికి ఆమె రాదు, మగ్గం జోలికి నేను పోను. మా సంసారం సజావుగా సాగడానికి అదే కారణమని నా నమ్మకం.

రెండేళ్ళ కిందట జమ్మలమడుగు నుంచి సుబేదారు వచ్చాడు. హైస్కూల్లో నాకంటే రెండు క్లాసులు వెనక. పట్టాళంలో పారాచూట్లు మడిచే పని చేసి, రిటైరై వచ్చి, చర్చి వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. ఊరికే కూర్చోలేక ఒక పారాచూట్ కొన్నాడు. దానికి మనిషిని కట్టి, జీపుతో లాగితే గాల్లోకి లేస్తుంది. పులివెందులలో ఒక కాలేజీ వాళ్ళు తమ పిల్లల్ని ఎగిరించమని అప్పటికే పిలిచారు కూడా. ఆయన సంచిలో ఇరవై ఆరు తెల్లటి నైలాన్ తాళ్ళున్నాయి, రెండు కొసలా ఉచ్చులు కుట్టినవి.

"అన్నా, పాతవి తీసేసి ఇవి ఎక్కిస్తాండా. పన్నెండు ఎడమకు, పన్నెండు కుడికి. అన్నీ తెల్లగానే ఉంటే, పట్టుకునే పిల్లోల్లకు ఏది యాడిదో తెలీడంల్యా. చిక్కు తీసేదానికే పొద్దు పోతాంది. ఎడమవి పన్నెండు ఎర్రగా చెయ్యి. రెండు ఎక్కువ తెచ్చినా, ముందు వాటి మీద చూసుకో" అన్నాడు.

"నాకు చూసుకునేదేందప్పా?" అన్నాను. అయినా ఒకదాని మీద చూశాను. నైలాన్‌కు నూలు రంగు పట్టదు, పట్టు రంగు పడుతుంది. కొంచెం ఆసిడ్ వేసి, కాగు తెర్లుతుండగా ముంచాను. గంటసేపు ఉడకనిచ్చాను. ఎంత బాగా పట్టిందంటే, కడిగిన నీళ్ళు కడిగినట్టే తెల్లగా పోయాయి. ఎడమవి పన్నెండూ అలాగే చేశాను. సుబేదారు శుక్రవారం వచ్చి, తడి గుడ్డతో రుద్ది చూసి, ఇరవై నాలుగూ సంచిలో వేసుకుని, నా భుజం తట్టాడు.

"ఆదివారం పొద్దున్నే పెద్దముడియం రోడ్డులో బీడు మీద ఎగిరిస్తాండా. ముందు నా కూతురే. వదినను తీసుకోని రా" అన్నాడు.

ఆదివారం పొద్దున బయల్దేరబోతూ నా భార్య మిగిలిన రెండు తాళ్ళనూ, ఒక ఎరుపూ ఒక తెలుపూ, ఆయనకు తిరిగి ఇద్దామని తీసింది. చుట్టడానికి రెంటినీ ఒక్కో కొస ఉచ్చుతో మిద్దె మీది కొక్కేనికి తగిలించి కిందికి వదిలింది. వదిలి, అలాగే నిలబడిపోయింది.

"మామా, ఈ ఎర్రది కురచయింది."

ఎర్రది తెల్లదానికంటే బెత్తెడు పైనే ఆగిపోయింది. నాకు కోపం వచ్చింది. కంపెనీవాడు సమంగా కోసి ఉండడన్నాను. చుట్టిన చోట ముడతలున్నాయన్నాను. తిక్క మాటలు మానుకోమని కూడా అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "కంపెనీ తప్పని నువ్వనుకో. ఒక పక్క పోగులన్నీ బిగిసి, ఇంకో పక్క వదులైతే మగ్గం మీద గుడ్డ ఎట్ల పోతాదో నాకు తెలుసు. ఆ పిల్ల ఎగిరేది ఆ గుడ్డ కిందే గదా" అంది.

ఉడికితే నైలాన్ ముడుచుకుంటుందని అప్పుడు అర్థమైంది. సుబేదారుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. బండి తీశాను. ఆమె వెనక కూర్చుని, దారి పొడుగునా ఫోన్ కొడుతూనే ఉంది. నాకు రోడ్డు కనిపించలేదు. నడుముకు పట్టాలు బిగించుకుని నవ్వుతున్న ఆ పిల్లే కనిపించింది.

మేం పోయేసరికి సరిగ్గా అలాగే నిలబడి ఉంది. తాళ్ళు ఎక్కించేశారు. పారాచూట్ గాలి పోసుకుంటోంది. జీపు ఇంజను నడుస్తోంది. చుట్టూ యాభైమంది. "ఒకసారి సరిచూసుకుంటే మంచిది" అని పెద్దమనిషిలా ఒక మాట అని తప్పుకోవచ్చని, నిజం చెప్తున్నాను, నాకు అనిపించింది. కానీ ఆయన నా రంగును చూసి మురిసిపోతున్నాడు. ఆ మాటకు ఆపేవాడు కాదు.

"జీపు ఆపండప్పా! నేను తాళ్ళను ఉడకబెట్టినా. ఎర్రవన్నీ కురచయినాయి. తప్పు నాది" అని అరిచాను.

సుబేదారు వెంటనే చెయ్యెత్తి జీపు ఆపించాడు. కూతురి నడుము పట్టాలు తనే విప్పాడు. ఒక ఎర్ర తాడూ ఒక తెల్ల తాడూ ఊడదీసి పక్కపక్కన పట్టుకుని చూశాడు. తర్వాత నేల మీద కూర్చున్నాడు.

"నైలాన్‌కు వేడి తగలనీకూడదని పట్టాళంలో శానామందికి నేనే నేర్పించినా. నీ దగ్గర కాగు ఉందని తెలిసీ, ఎట్ల వేస్తావని అడగల్యా. ఇది లేసినాక ఒక పక్కకు తిరిగి నేలకు కొట్టేది" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. ఆ పిల్ల మాత్రం నా భార్య చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కొత్త తాళ్ళు రావడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి నీళ్ళూ లేవు, నిప్పూ లేదు. ఎడమవాటి కొసల్లో నాలుగు వేళ్ళ మేర నా భార్య ఎర్ర దారం చుట్టింది. పడుగులో పోగుల లెక్క తప్పకుండా ఆమె కట్టుకునే గుర్తు దారం లాంటిదే. సూది గుచ్చలేదు, బిగించి ముడి వేసిందంతే. ముప్ఫై ఏళ్ళ రంగు పనివాణ్ణి, పక్కన కూర్చుని దారం తెంపి ఇచ్చాను.

మళ్ళీ అదే బీడు. తాళ్ళ మీద చెయ్యి వేసినవాళ్ళే ముందు ఎక్కాలి, ఇకమీదట తన దగ్గర అదే పద్ధతి అన్నాడు సుబేదారు. తాళ్ళు ఎక్కించింది తానే కాబట్టి తానే పోతానన్నాడు. దారం చుట్టింది తనే కదా అని, సుబేదారు కూతురి ట్రాక్ ప్యాంటు చీర మీదే వేసుకుని నా భార్య ముందుకొచ్చింది. యాభై ఏళ్ళ మనిషి.

"నువ్వుండు, నేను ఎక్కుతా" అన్నాను.

"ఇందులో నువ్వు కట్టిందేముంది మామా?" అంది.

నేను వంగి, ఒక ఎర్ర గుర్తు తాడూ, దానికి ఎదురుగా కుడివైపుదీ పట్టుకుని, లాగి, కొసకు కొస ఆనించి చూశాను. తర్వాత రెండో జత. జీపులో వాళ్ళు హారన్ కొట్టారు. "ఆగనీ" అన్నాను. పన్నెండు జతలూ అయ్యేదాకా ఆమె కదలకుండా నిలబడింది. ఒక్క జతలోనూ వెంట్రుకంత తేడా లేదు. అప్పుడు లేచి, జీపుకు నేనే చెయ్యి ఊపాను.